చిన్న పార్టీకి బ్యాలెట్‌లో చోటు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలు దగ్గర పడుతున్నాయంటే చాలు, చిన్న పార్టీల వాళ్ల నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. గుర్తు ఎప్పుడిస్తారు, పది మంది సంతకాలు ఎందుకు, మా పేరు అంత కింద ఎందుకుంది? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాం. ఇవి లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలకు వర్తించే సంగతులు. నా అభిప్రాయం కూడా ముందే చెప్పేస్తాను. మన దేశంలో చిన్న పార్టీ అభ్యర్థి పేరు బ్యాలెట్ ఎక్కడం అంత కష్టం కాదు. అసలు దెబ్బ తగిలేది గుర్తు దగ్గర, ఆ గుర్తును జనానికి చెప్పుకోవడానికి మిగిలే టైం దగ్గర.

## పార్టీ పెట్టేటప్పుడు

రిజిస్ట్రేషన్ లేకుండా పోటీ చేయకూడదా?

చేయవచ్చు, కానీ చట్టం దృష్టిలో మీ అభ్యర్థులంతా స్వతంత్రులే. ఎవరి గుర్తు వాళ్లది. ఈవీఎం మీద అభ్యర్థి పేరు, ఫొటో, గుర్తు మాత్రమే ఉంటాయి, పార్టీ పేరు ఉండదు. కాబట్టి గుర్తులు వేరైతే మీరంతా ఒకే పార్టీ అని ఓటరుకు తెలిసే దారి బ్యాలెట్‌లో లేదు. రిజిస్టరైతే అందరికీ ఒకే గుర్తు అడిగే అర్హత వస్తుంది, విడి గుర్తుల కేటాయింపులో స్వతంత్రుల కంటే ముందుంటారు, 20 మంది స్టార్ క్యాంపెయినర్లను ప్రకటించుకోవచ్చు.

రిజిస్ట్రేషన్‌కి ఏమేం కావాలి?

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 29ఏ కింద కేంద్ర ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేయాలి. పార్టీ ఏర్పడిన 30 రోజుల్లోపు అది ఢిల్లీ చేరాలి. ఈ గడువు చూసుకోక దరఖాస్తు తిప్పి పంపించుకునేవాళ్లు చాలామంది. ఓటరు జాబితాలో పేరున్న సభ్యులు కనీసం 100 మంది ఉండాలి. తాము మరో పార్టీలో లేమని ఒక్కొక్కరూ విడిగా అఫిడవిట్ ఇవ్వాలి. 10,000 రూపాయల డీడీ తిరిగి రాదు. రాజ్యాంగానికి, సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యాలకు కట్టుబడతామని పార్టీ నియమావళిలో రాసుకోవాలి. ఐదేళ్లలోపు ఎన్నికల్లో పోటీ చేస్తామనీ, పార్టీ పదవులకు గడువు ప్రకారం ఎన్నికలు జరుపుతామనీ అందులో ఉండాలి. ఆ తర్వాత రెండు జాతీయ, రెండు స్థానిక దినపత్రికల్లో రెండు రోజులపాటు ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలకు 30 రోజులు ఆగాలి. 10,000 ఫీజు పెద్ద లెక్క కాదు, పేపర్ ప్రకటనల బిల్లుకే చాలామంది గుండె గుభేల్‌మంటుంది.

రిజిస్టర్ అయ్యాం. ఇక మాది గుర్తింపు పొందిన పార్టీయేనా?

కాదు. మీది "రిజిస్టరైన, గుర్తింపు లేని పార్టీ". గుర్తింపు అనేది ఓట్లు, సీట్లు తెచ్చుకున్నాక వచ్చే హోదా. సొంత గుర్తు, నామినేషన్‌ను ప్రతిపాదిస్తూ సంతకం చేసే ఓటరు (ప్రతిపాదకుడు) ఒక్కరే చాలనడం, ఉచితంగా ఓటరు జాబితా, దూరదర్శన్, ఆకాశవాణిల్లో ఉచిత ప్రసార సమయం, 40 మంది స్టార్ క్యాంపెయినర్లు, ఇవన్నీ ఆ హోదా ఉన్నవాళ్లకే. బలం ఉన్నవాళ్లకే మరింత సాయం అందుతోందని ఎవరికైనా అనిపిస్తే అందులో తప్పేం లేదు.

ఎన్నికల సంఘం మా పార్టీ పేరు జాబితాలోంచి తీసేయగలదా?

మామూలుగా రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. మోసంతో రిజిస్ట్రేషన్ తెచ్చుకోవడం, ప్రభుత్వం నిషేధించడం లాంటివి మినహాయింపులు. అయితే 2025లో సంఘం వేరే దారి తొక్కింది. 2019 నుంచి ఆరేళ్లలో ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయని పార్టీలను జాబితా నుంచి తొలగించింది. ఆగస్టు 9న 334 పార్టీలు, సెప్టెంబరు 18న మరో 474 వెళ్లిపోయాయి. తొలగించిన పార్టీకి పన్ను మినహాయింపు ఉండదు, గుర్తుల కేటాయింపు నియమాలుండే ఎన్నికల గుర్తుల ఉత్తర్వు కింద వచ్చే ప్రయోజనాలూ ఉండవు. అప్పీలుకు 30 రోజులు ఇచ్చారు. కాగితం మీద పార్టీ పెట్టి చందాల లెక్కలు చూపించుకునేవాళ్లను ఏరేయడం మంచిదే. నిజంగా పనిచేస్తూ డబ్బుల్లేక ఒకటి రెండు ఎన్నికలు వదిలేసినవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఎక్కడో ఒకచోటైనా పోటీ చేయండి, ఆఫీసు చిరునామా మారితే వెంటనే రాసి పంపండి.

అమెరికాలో ఉన్న మావాళ్లు చందా పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా?

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ల నుంచి తీసుకోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల దగ్గర కుదరదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా చట్టం లెక్కలో అది విదేశీ డబ్బే. హెచ్1బీ బాబాయ్ పంపితే సరే, సిటిజన్ అయిపోయిన అన్నయ్య పంపితే చిక్కే. ఎవరిచ్చినా ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే ఆ పేరు ఎన్నికల సంఘానికిచ్చే నివేదికలో చూపాలి.

## గుర్తు కోసం

మా అభ్యర్థులందరికీ ఒకే గుర్తు ఎలా వస్తుంది?

1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులో పేరా 10బీ అని ఒకటుంది. చిన్న పార్టీకి ఉన్న అసలైన ఆధారం అదే. దాని ప్రకారం అసెంబ్లీ ఎన్నికల్లో కనీసం 5 శాతం సీట్లలో అభ్యర్థులను నిలబెడతామని రాసిస్తే ఎన్నికల సంఘం కామన్ సింబల్ ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లు కాబట్టి 9 చోట్ల, తెలంగాణలో 119 కాబట్టి 6 చోట్ల పోటీ చేయాలి. ఫ్రీ సింబల్స్ (ఏ గుర్తింపు పొందిన పార్టీకీ కేటాయించని గుర్తులు) జాబితాలోంచి 10 గుర్తులు వరుస క్రమంలో రాసివ్వాలి. కావాలంటే సొంతంగా 3 కొత్త గుర్తులు గీయించి ప్రతిపాదించవచ్చు, కాకపోతే పక్షులు, జంతువులు, మత చిహ్నాలు పనికిరావు. 2024 జనవరి నుంచి మరో షరతు కూడా చేరింది. గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, గత రెండు ఎన్నికల ఖర్చు వివరాలు జత చేయకపోతే దరఖాస్తు ముందుకు కదలదు.

నోటిఫికేషన్ వచ్చాక దరఖాస్తు పెడితే చాలదా?

చాలదు. లోక్‌సభ లేదా అసెంబ్లీ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు దరఖాస్తుల కిటికీ తెరుచుకుంటుంది, నోటిఫికేషన్‌కు ఐదు రోజుల ముందే మూసుకుపోతుంది. ఎవరు ముందొస్తే వాళ్లకే గుర్తు. తమిళనాడులో నామ్ తమిళర్ కట్చి ఉదంతం చూడండి. 2019లో, 2021లో చెరకు రైతు గుర్తుతో ఊరూరా తిరిగిన పార్టీ అది. 2024కి వచ్చేసరికి కర్ణాటకలో రిజిస్టరైన ఇంకో పార్టీ ముందుగా దరఖాస్తు చేసి ఆ గుర్తు పట్టుకుపోయింది. ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినా లాభం లేకపోయింది. చివరికి మైక్ గుర్తుతో పోటీ చేయాల్సి వచ్చింది. సీట్ల సర్దుబాటు, అభ్యర్థుల ఎంపిక అంటూ మీటింగుల్లో మునిగిపోయి ఈ ఒక్క తేదీని మర్చిపోయే పార్టీలు ప్రతిసారీ ఉంటాయి. మొదటి రోజునే, అంటే కిటికీ తెరిచిన ఉదయమే మీ కాగితం అక్కడ ఉండాలి.

పోయినసారి మాకొచ్చిన గుర్తు ఈసారీ మాదేగా?

జనం మనసులో మీదే, చట్టంలో కాదు. గుర్తింపు లేని పార్టీకిచ్చిన గుర్తు ఆ ఎన్నిక వరకే. తర్వాత అది మళ్లీ ఫ్రీ సింబల్. దీనికి జనసేన గాజు గ్లాసు కంటే మంచి ఉదాహరణ తెలుగువాళ్లకు అక్కర్లేదు. 2019లో గ్లాసుతో పోటీ చేసి ఒక్క రాజోలు గెలిచింది, గుర్తింపు రాలేదు. 2021 తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో పొత్తులో భాగంగా జనసేన పోటీ చేయలేదు, గ్లాసు గుర్తు ఇంకో చిన్న పార్టీ అభ్యర్థికి వెళ్లింది. 2024లో 21 అసెంబ్లీ, 2 లోక్‌సభ సీట్లలో జనసేనకు గ్లాసు ఇచ్చారు. మిగతా చాలాచోట్ల అదే గ్లాసు స్వతంత్రులకు దక్కింది. పొత్తులో ఉన్న టీడీపీ, బీజేపీ అభ్యర్థులకు టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే జనసేన ఓటరు అలవాటుగా గ్లాసు వెతుక్కుని నొక్కేస్తాడు. విషయం హైకోర్టుకు వెళ్లాక, జనసేన పోటీ చేస్తున్న లోక్‌సభ స్థానాల కిందికొచ్చే అసెంబ్లీ సీట్లలోనూ, జనసేన అసెంబ్లీ అభ్యర్థులున్న లోక్‌సభ స్థానాల్లోనూ గ్లాసు మరెవరికీ ఇవ్వబోమని సంఘం చెప్పింది. రాష్ట్రమంతటికీ ఆ రక్షణ దొరకలేదు. పోటీ చేసిన అన్ని సీట్లూ గెలిచాక, 2025 జనవరిలో గుర్తింపుతోపాటు గ్లాసు శాశ్వతంగా వాళ్లదైంది. అంత పేరున్న నాయకుడి పార్టీకే ఆరేళ్లు పట్టిన పని ఇది.

మేం ఒక్క సీటులోనే నిలబడుతున్నాం. పాత గుర్తు ఇవ్వరా?

పార్టీ హక్కుగా ఇవ్వరు. లోక్‌సభకైతే కనీసం రెండు స్థానాల్లో పోటీ చేయాలి. 2024లో తమిళనాడులో ఎండీఎంకేకి ఇదే జరిగింది. పొత్తులో ఒక్క తిరుచిరాపల్లి సీటే వచ్చింది కాబట్టి ఏళ్ల తరబడి వాడిన బొంగరం దక్కలేదు, అగ్గిపెట్టె ఇచ్చారు. అగ్గిపెట్టెతోనే గెలిచారనుకోండి, కానీ వెనక పెద్ద కూటమి లేని పార్టీకి అలాంటి ధీమా ఉండదు. పొత్తు మాట్లాడుకునేటప్పుడు రెండో సీటు కోసం పట్టుబట్టడంలో గుర్తు లెక్క కూడా ఉందని గుర్తుపెట్టుకోండి.

కామన్ సింబల్ రాలేదు. ఇప్పుడేం చేయాలి?

ప్రతి అభ్యర్థీ నామినేషన్ పత్రంలో మూడు ఫ్రీ సింబల్స్ వరుసగా రాయాలి. మీ పార్టీ వాళ్లంతా ఒకే మూడు, ఒకే వరుసలో రాస్తే చాలా నియోజకవర్గాల్లో ఒకే గుర్తు దక్కే అవకాశం ఉంది. ఒకే గుర్తును ఒక రిజిస్టర్డ్ పార్టీ అభ్యర్థి, స్వతంత్రులు కోరితే పార్టీ అభ్యర్థికే ఇస్తారు. రెండు చిన్న పార్టీలు పోటీపడితే చీటీ తీస్తారు.

మా గుర్తు పెద్ద పార్టీ గుర్తులా ఉందని ఫిర్యాదు చేశారు. మార్చేస్తారా?

నిబంధనల ప్రకారం కేటాయించాక మార్చే అధికారం నియోజకవర్గంలో ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారికి లేదు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో రోడ్డు రోలరు కారులా కనిపిస్తోందని టీఆర్ఎస్ గొడవ చేసింది. అక్కడి అధికారి ఓ చిన్న పార్టీ అభ్యర్థికి వచ్చిన రోడ్డు రోలరు తీసేసి వేరే గుర్తు ఇచ్చారు. ఎన్నికల సంఘం తప్పుపట్టి రోలరును తిరిగి ఇప్పించింది, అధికారిని తప్పించింది.

పెద్ద పార్టీ బాధ ఉత్తదేమీ కాదు. 2019లో భువనగిరి లోక్‌సభ సీటు టీఆర్ఎస్ 5,219 ఓట్ల తేడాతో పోగొట్టుకుంటే, రోడ్డు రోలరుకు 27,973 ఓట్లు వచ్చాయి. 2020 దుబ్బాకలో తేడా 1,079, చపాతీ రోలరుకు అంతకు మూడింతల ఓట్లు. ఆంధ్రలో ప్రజాశాంతి పార్టీ హెలికాప్టర్ మా ఫ్యానులా ఉందని 2019లో వైసీపీ కూడా ఫిర్యాదు చేసింది. కానీ ఈ చిక్కు తీర్చాల్సింది ఎన్నికలకు ముందే, జాబితా తయారుచేసేటప్పుడు. అన్ని ఏర్పాట్లూ అయ్యాక చిన్న అభ్యర్థి చేతిలో గుర్తు లాక్కోవడం పరిష్కారం కాదు. ఒక్క మాట మాత్రం మీకూ వర్తిస్తుంది. పొరపాటున పడే ఓట్ల కోసమే అలాంటి గుర్తు ఎంచుకుంటే, మీకొచ్చిన అసలు ఓట్లెన్నో మీకే తెలియదు.

## నామినేషన్ వేసేటప్పుడు

పెద్ద పార్టీలకు ఒక్క ప్రతిపాదకుడు చాలట. మాకు పది మంది ఎందుకు?

దీని వెనక నల్గొండ ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి వినపడాలని అక్కడ వందల మంది నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 480 మంది మిగిలారు, బ్యాలెట్ పేపరును పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ సీటులో 1,033 మంది నిలబడ్డారు. ఆ వెంటనే చట్టం సవరించారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి కాకపోతే 10 మంది ప్రతిపాదించాలన్నారు, లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారు. నీళ్ల కోసం జనం ఎక్కిన మెట్లను ఇంకాస్త ఎత్తు చేశారన్నమాట.

ఆ పది మందీ అదే నియోజకవర్గం ఓటర్లు కావాలి. మీరు నింపాల్సింది ఫారంలో రెండో భాగం. వేలిముద్ర వేసేవాళ్లయితే ఇంటి దగ్గర వేయించుకొస్తే చెల్లదు, అధికారి ఎదుటే వేయాలి. ఒకరి పేరు తేడా వచ్చినా నామినేషన్ పోతుంది కాబట్టి, గరిష్ఠంగా వేయగలిగే నాలుగు సెట్లలో కనీసం రెండు సెట్లు వేర్వేరు ప్రతిపాదకులతో వేయండి.

డిపాజిట్ ఎంత? ఎప్పుడు తిరిగొస్తుంది?

ఇప్పుడు లోక్‌సభకు 25,000, అసెంబ్లీకి 10,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు జనరల్ సీటులోనైనా సగమే. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే వెనక్కిస్తారు. నోటా ఓట్లు ఈ లెక్కలోకి రావు.

బి-ఫారం ఆలస్యమైతే?

నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు ఎ-ఫారం (టికెట్లు ఇచ్చే అధికారం పార్టీలో ఎవరిదో చెప్పేది), బి-ఫారం (ఫలానా వ్యక్తే మా అభ్యర్థి అని చెప్పేది) రెండూ ఇంకు సంతకంతో చేరాలి. జిరాక్సు, స్కాన్ చెల్లవు. చేరకపోయినా పది మంది ప్రతిపాదకులు సరిగ్గా ఉంటే మీ నామినేషన్ బతుకుతుంది, కాకపోతే స్వతంత్రుడిగా. ఒక్క ప్రతిపాదకుడితో వచ్చే పెద్ద పార్టీ అభ్యర్థికి ఆ అదృష్టం లేదు.

అఫిడవిట్‌లో మాకు సంబంధం లేని గడులు ఖాళీగా వదిలేయవచ్చా?

వద్దు. "లేదు", "వర్తించదు" అని రాయండి. ఖాళీలు పూరించమని అధికారి నోటీసిచ్చాక కూడా వదిలేస్తే తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న పార్టీల నామినేషన్లు ఎక్కువగా కుట్రల వల్ల పోతాయని అందరూ అనుకుంటారు కానీ, చాలావరకు పోయేది ఇలాంటి గడుల వల్లే.

అన్యాయంగా తిరస్కరించారు. హైకోర్టులో స్టే తెచ్చుకోవచ్చా?

ఎన్నిక నడుస్తుండగా కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు. రాజ్యాంగం 329(బి) అధికరణం అడ్డు, 1952లో పొన్నుస్వామి కేసు నుంచీ అదే మాట. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. మామూలుగా ఇలాంటి పిటిషన్లలో ఫలితం తారుమారయ్యేదని నిరూపించాలి. తప్పుడు తిరస్కరణ విషయంలో ఆ అవసరం లేదు. ఒక్క నామినేషన్‌ను అక్రమంగా తిరస్కరించారని తేలితే చాలు, ఎన్నికే రద్దవుతుంది. అందుకని తిరస్కరణ ఉత్తర్వు కాపీ అక్కడికక్కడే అడిగి తీసుకోండి.

## బ్యాలెట్, ప్రచారం

మా అభ్యర్థి పేరు 'అ'తో మొదలవుతుంది. అయినా కిందెందుకు వేశారు?

అక్షర క్రమం మొత్తం జాబితాకు కాదు, గుంపులవారీగా చూస్తారు. మొదట గుర్తింపు పొందిన పార్టీలు, తర్వాత రిజిస్టరైన పార్టీలు, చివర స్వతంత్రులు. మీ 'అ' పనిచేసేది రెండో గుంపులోనే. మొత్తం జాబితాకు చీటీలు తీసి వరుస నిర్ణయిస్తే పోయేదేముందో నాకైతే అర్థం కాదు.

అభ్యర్థులు మరీ ఎక్కువైతే ఎన్నిక ఆపేస్తారా?

ఆపరు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో నోటాతో కలిపి 16 పేర్లు పడతాయి, ఇప్పటి ఎం3 యంత్రాలకు 24 యూనిట్ల దాకా కలపవచ్చు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ బరిలో 185 మంది ఉన్నారు. అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు పరిచి ఎన్నిక జరిపారు.

గుర్తు చేతికొచ్చాక ప్రచారానికి ఎన్ని రోజులుంటాయి?

ఉపసంహరణ గడువు ముగిశాకే ఫ్రీ సింబల్స్ కేటాయిస్తారు. అక్కడి నుంచి పోలింగ్‌కు చట్టం ఇచ్చే కనీస వ్యవధి 14 రోజులు, చివరి 48 గంటలు ప్రచారం బంద్. అంటే చేతిలో ఉండేది సుమారు 12 రోజులు. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్ల లోక్‌సభ స్థానంలో కొత్త గుర్తును ఆ టైంలో ఇంటింటికీ చేర్చడం డబ్బున్నవాళ్లకే కష్టం. గోడ రాతలు, కరపత్రాల నమూనాలు గుర్తు చోటు మాత్రం ఖాళీ ఉంచి ముందే సిద్ధం చేసుకోండి.

## ఫలితం వచ్చాక

ఎన్ని ఓట్లొస్తే గుర్తింపు ఇస్తారు?

రాష్ట్ర పార్టీ హోదాకు ఐదు దారులున్నాయి, ఏదో ఒకటి చాలు. అసెంబ్లీ ఎన్నికల్లో 6 శాతం ఓట్లు, 2 సీట్లు. లోక్‌సభ ఎన్నికల్లో 6 శాతం ఓట్లు, ఒక సీటు. అసెంబ్లీలో 3 శాతం సీట్లు లేదా 3 సీట్లు, వీటిలో ఏది ఎక్కువైతే అది. రాష్ట్రానికున్న ప్రతి 25 లోక్‌సభ సీట్లకు ఒకటి చొప్పున గెలవడం, తెలుగు రాష్ట్రాల్లో దీని అర్థం ఒక్క ఎంపీ చాలని. చివరిది, సీట్లేమీ లేకపోయినా 8 శాతం ఓట్లు. ఒక్క సీటూ గెలవని నామ్ తమిళర్ కట్చి 2024లో 8 శాతం దాటి, ఆ చివరి దారిలోనే గుర్తింపు తెచ్చుకుంది.

ఈ కొలతలు న్యాయమైనవేనా అని తమిళ నటుడు విజయకాంత్ పార్టీ డీఎండీకే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2012లో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు నిబంధనను సమర్థించారు. మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్ ఒక్కరే ఒప్పుకోలేదు, సమానత్వ హక్కుకు ఇది విరుద్ధమని విడిగా తీర్పు రాశారు. నేను ఆయన వైపే. కొత్త పార్టీకి గుర్తు లేక ఓట్లు రావు, ఓట్లు లేక గుర్తు రాదు.

ఓడిపోయాం, డిపాజిట్ కూడా పోయింది. ఇంకా లెక్కలెందుకు?

ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు ప్రతి అభ్యర్థీ ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు. పైగా వచ్చేసారి కామన్ సింబల్ దరఖాస్తుకు పార్టీ ఖర్చు వివరాలు, ఆడిట్ రిపోర్టులు జత చేయాలి. ఓడిన మర్నాడు అందరూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు, రసీదులన్నీ ఎవరి కారు డిక్కీలోనో ఉండిపోతాయి. పోలింగ్ అయిన వారంలోనే అన్నీ తెప్పించుకుని ఆడిటర్ చేతిలో పెట్టండి.